ఉత్తుత్తి బంకు

నేను చేసిన వస్తువుల్లో ఒక్కటీ పనిచెయ్యదు. పనిచెయ్యకూడదు కూడా, అదే నా పని. ఏ కంపెనీ అయినా కొత్త మిషన్ తయారుచెయ్యబోయే ముందు, అది ఎంత ఎత్తుంటే బాగుంటుంది, పక్కన మనిషి నిలబడితే ఎలా ఉంటుంది, మీట ఎక్కడ పెడితే చెయ్యి అందుతుంది అని చూసుకోవడానికి చెక్కతోనూ అట్టతోనూ ఒక ఉత్తుత్తి మిషన్ చేయించుకుంటుంది. నేను దానికి రంగేసి, అద్దం బిగించి, దుమ్ము పట్టే మూలల్లో కాస్త నీడ కూడా దిద్దుతాను. చూసినవాడు నిజమే అనుకోవాలి. ఆ తరవాత అసలుది ఫ్యాక్టరీలో ఇనుముతో పుడుతుంది. నాది ఏ వాచ్‌మనో పొయ్యిలో పెట్టుకుంటాడు.

డబ్బులిచ్చే మిషన్లు చేశాను, నోటు రాలలేదు. ఫ్రిజ్జులు చేశాను, చల్లబడలేదు. ఒకసారి ఆసుపత్రి వాళ్ళకి పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె చేశాను. ఎంత ముద్దుగా వచ్చిందో, అందులో ఏ పిల్లా పడుకోలేదు. ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి వచ్చినవాడికి ఇంతకంటే ఏం దొరుకుతుంది అంటాడు మా బావ, నలుగురూ ఉన్నప్పుడు చూసుకుని మరీ. మా అక్క మొగుడు ఆయన. నాకు డొల్ల అని పేరు పెట్టింది కూడా ఆయనే. డొల్ల పెట్టెలు చేసేవాడు డొల్ల. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి వర్క్‌షాపులోకి పాకింది. ఇప్పుడు నాకు పని చెప్పేవాళ్ళు కూడా డొల్లా అనే పిలుస్తారు. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూసుకుంటాను, ఎవర్నా అని.

ఒక్కతే అలా పిలిచేది కాదు. కరెంటు బళ్ళ బంకు డిజైన్ చేసే అమ్మాయి. బాబాయ్ అనేది. మా వర్క్‌షాపులో అందరూ ఆమెని చాటుగా మిల్లీమీటరమ్మ అనేవాళ్ళు, వెంట్రుకంత తేడా వచ్చినా చెక్క వెనక్కి పంపేస్తుందని. నేనూ అన్నాను, అబద్ధమెందుకు.

కరెంటు మోటారు సైకిలు సీటు కింద చేతిపిడి ఉన్న బ్యాటరీ ఉంటుంది. ఏడాది పిల్ల ఎంత బరువుంటుందో అంత. అది నిండేదాకా గంటల తరబడి గోడ పక్కన కూర్చోకుండా, బంకు దగ్గర ఆగి ఖాళీదాన్ని ఒక గూట్లో తోసేసి, ఇంకో గూట్లోంచి నిండుదాన్ని లాక్కుని వెళ్ళిపోవాలి. ఆ అమ్మాయి గీసిన బంకు ఒకే పెద్ద మిషన్ కాదు. పెట్టెలు. ఒక్కో పెట్టెకి నాలుగు గూళ్ళు. సందు మొగలో అయితే ఒక్క పెట్టె చాలు, నాలుగు రోడ్ల దగ్గరైతే ఎన్ని కావాలంటే అన్ని, పిల్లలు అగ్గిపెట్టెలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. ఒకటి చెడితే దాన్ని మాత్రం ఊడబెరికి వేరేది తగిలిస్తారు, మిగతావాటి నిద్ర చెడదు. అందుకే ప్రతి పెట్టే అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉండాలి. అందుకే ఆమెకి మిల్లీమీటరు మీద అంత ప్రాణం.

నేను మూడు పెట్టెలు చేశాను. వాటిని ఒక మూలమలుపు దగ్గర, మూసేసిన అద్దాల కొట్టు ముందు షట్టరు తీసేసి ఆ ఖాళీలో బిగించాం. బయటినుంచి చూస్తే కొత్త బంకు. వెనక చీకటి కొట్టు. కొట్టువాడు వదిలేసి పోయిన అద్దాల ముక్కలు ఇంకా గోడలకి ఆనించి ఉన్నాయి.

అంతా అయ్యాక ఆ అమ్మాయి అసలు విషయం చెప్పింది. గూట్లోంచి బ్యాటరీని తీసి పెట్టే యంత్రం ఇంకా తయారవలేదట. కానీ జనం ఈ బంకుని ఎలా వాడతారో ముందే చూడాలట. కాబట్టి యంత్రం బదులు లోపల ఒక మనిషి కూర్చోవాలి. బయటివాళ్ళకి తెలియకూడదు. "మీరే మిషన్, బాబాయ్" అంది నవ్వుతూ. పనిచేసే మిషన్ ఒక్కటైనా చెయ్యాలని జన్మంతా అనుకున్నాను. చివరికి నన్నే మిషన్ చేశారు.

నియమాలు చెప్పింది. ఖాళీ బ్యాటరీ గూట్లోకి చివరిదాకా వచ్చి టక్కుమని కూర్చోవాలి. కూర్చున్నాకే నేను ఆకుపచ్చ దీపం వేసి నిండుదాన్ని పక్క గూట్లోంచి ముందుకి తొయ్యాలి. కూర్చోకముందు ముట్టుకోకూడదు. దగ్గకూడదు, తుమ్మకూడదు, కూనిరాగాలు తియ్యకూడదు. మూడుసార్లు పెట్టినా కూర్చోకపోతే ఎర్ర దీపం వేసి గూడు మూసెయ్యాలి. రేపు అసలు మిషన్ అయితే ఆ ఎర్ర దీపంతో పాటు బండి నంబరు, ఇంటింటికీ పార్సిళ్ళు చేరవేసే రైడర్ల ఆఫీసుకి వెళ్ళిపోతుంది. బ్యాటరీలని మొరటుగా గుద్దేవాళ్ళని పనిలోంచి తీసేసి బండి దింపేస్తామని ఆఫీసువాళ్ళు ముందే చెప్పారు.

ఆ అమ్మాయి రోడ్డుకి అవతల, దర్జీ కొట్టు మేడ మీద కిటికీ దగ్గర కూర్చునేది. అక్కణ్ణించి ఆమెకి రైడర్ల వీపులు, దీపాల రంగు తప్ప ఏమీ కనిపించవు. నాకేమో చేతులు తప్ప ఏమీ కనిపించవు. ప్రతి గూటి మీదా వేలెడు వెడల్పు నల్లద్దం పెట్టాను. బయటివాడికి అది నల్లటి పట్టీ, లోపలివాడికి కిటికీ. అందులోంచి మణికట్టు దాకా కనిపిస్తుంది. మొహాలు ఎవరికీ లేవు.

మొదటి రోజు ఒళ్ళు మండుతూ కూర్చున్నాను. ఈ వయసులో పెట్టెలో దాక్కునే ఉద్యోగం. కానీ కాసేపటికి ఆ కొట్లో ఏదో అయింది నాకు. పన్నెండు గూళ్ళలోంచి పన్నెండు వెలుగు ముక్కలు నేల మీద పడేవి. ఎండ జరిగేకొద్దీ అవి నా మోకాళ్ళ మీదకి, చొక్కా మీదకి పాకి, గోడలకున్న అద్దాల్లోకి దూరిపోయేవి. వెనక అరల మీద నిండుతున్న బ్యాటరీల ఆకుపచ్చ చుక్కలు ఆ అద్దాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించి, ఆ ఇరుకు కొట్టు ఎక్కడ అయిపోతుందో తెలిసేది కాదు. వీధి చప్పుడు నీళ్ళలోంచి వచ్చినట్టు వచ్చేది. హారన్లు, బేరాలు, ఎవరో ఎవర్నో తిట్టుకోవడం, అన్నీ మెత్తబడి నా దాకా చేరేసరికి ఎవరి కోపమూ కాకుండా పోయేవి. మెత్తటి చెక్క వాసన. ఆ వాసనలో నేనున్నానో లేనో నాకే అనుమానంగా ఉండేది.

అలా ఉండగా వెలుగు ముక్కల్లో ఒకటి ఆరిపోయేది. ఒక చెయ్యి వచ్చిందన్నమాట.

ఎన్ని రకాల చేతులో. వేళ్ళ కొసలు కత్తిరించిన తొడుగుల చెయ్యి. గడియారం లోపలివైపుకి తిప్పి కట్టుకున్న ఆడమనిషి చెయ్యి. అరచేతి మీద పెన్నుతో చిరునామా రాసుకున్న చెయ్యి, రోజూ కొత్త చిరునామా, పాతది చెమటకి సగం చెరిగి. ఒక చెయ్యి నిండు బ్యాటరీ తీసుకున్నాక గూటి అంచుని రెండుసార్లు తట్టేది, గేదెని తట్టినట్టు. థాంక్స్ అనుకుంటా. మనుషులంటే నాకు పెద్ద గిట్టదు, అందరికీ తెలిసిందే. మొహాలు తీసేస్తే మనుషులు ఇంత మంచివాళ్ళుగా ఉంటారని నాకు తెలీదు. ఆ చేతుల్లో ఒక్కటి కూడా నన్ను డొల్లా అనలేదు.

ఒక మధ్యాహ్నం కొత్త చెయ్యి వచ్చింది. బ్యాటరీ మూల గూటి అంచుకి తగిలి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది, ఈసారి పై అంచుకి తగిలింది. తొందరలో ఉన్నాడనుకున్నాను. నల్లద్దంలోంచి వంగి చూశాను. ఆ చెయ్యి వణుకుతోంది. చలికి వణికినట్టు కాదు. గూడు ఒకచోట ఉంటే చెయ్యి ఇంకోచోట వెతుకుతోంది, దగ్గరికి వచ్చేకొద్దీ ఇంకా దారి తప్పుతోంది. బొటనవేలి గోరు మధ్యకి చీలి రెండు గోళ్ళుగా పెరిగి ఉంది.

ఆ గోరు నాకు తెలుసు. ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ కింద పడి చీలిన గోరు. అది చూపించి మా బావ పెళ్ళిళ్ళలో పిల్లల్ని నవ్విస్తాడు, నాకు పదకొండు వేళ్ళురా అని.

అది మూడోసారి. ఈసారీ తగలకపోతే నేను ఎర్ర దీపం వెయ్యాలి.

నా చెయ్యి నన్నడగలేదు. గూట్లోకి వెళ్ళి, అప్పుడే లోపలికి తొంగిచూసిన బ్యాటరీ మూలని కింద నుంచి పట్టుకుంది. వెంటనే లాగలేదు. అవతల వణుకు బ్యాటరీలోంచి నా వేళ్ళలోకి వస్తోంది, పిట్టని పట్టుకుంటే దాని గుండె తెలిసినట్టు. కాసేపు అలాగే బరువు మోశాను. మెల్లగా అవతలి చెయ్యి బరువుని నాకు వదిలింది. అప్పుడు లోపలికి తీసుకున్నాను. టక్కుమంది. ఆకుపచ్చ దీపం వేశాను.

ఆ చెయ్యి గాల్లో కాసేపు ఆగిపోయింది. తరవాత నిండు బ్యాటరీ పిడిని తడిమి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం అక్కా వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. బావ ఎప్పటిలాగే గోడకి చేరగిలబడి దర్బారు చేస్తున్నాడు. నీళ్ళు పొయ్యరా డొల్లా. ఆ గిన్నె ఇటు జరుపు. నా చొక్కా గుండీ ఊడింది, మీ అక్కని పెట్టమను. ఏడాదిగా ఇదే వరస. ఆయనకి దర్జా జబ్బు పట్టుకుందని నేను వెనక తిట్టుకునేవాణ్ణి. కూర్చున్నచోటికే అన్నీ రావాలి, ఒక్కటీ తనంత తాను అందుకోడు.

ఆ రోజు నోరు మూసుకుని చూశాను. నిజమే, ఒక్కటీ అందుకోడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. ఆ గ్లాసులో మా అక్క సగమే పోస్తుంది. అక్క పిసినారితనం అనుకునేవాణ్ణి దాన్ని కూడా. సగం నీళ్ళయితే ఒలకవు. అక్కకి తెలుసు. తెలిసి, ఆయన దర్జాని మోస్తోంది. ఆయన జోకులన్నీ ఆ చెయ్యి మీద కప్పిన దుప్పటి.

"మా మూలమలుపులో కొత్త బంకు పెట్టారురా" అన్నాడు బావ నాతో. "మర్యాద తెలిసిన బంకు. చెయ్యి చాపేసరికి తనే అందుకుంటుంది. నువ్వు చేసే డొల్లల్లాంటిది కాదు."

నేను చేసిందేనని చెప్పలేదు. చెప్పకూడదు, అది షరతు. ఇదివరకైతే షరతు లేకపోయినా ఆ మాటకి నాలుగు తగిలించేవాణ్ణి. తలూపి పెరుగు కలుపుకున్నాను.

సాయంత్రం నన్ను బండి మీద దింపుతానన్నాడు. వెనక కూర్చుని ఆయన భుజం మీంచి చూశాను. హ్యాండిల్ మీద ఆ చేతులు రాళ్ళలా ఉన్నాయి. పట్టుకోవడానికి ఏదైనా ఉన్నంతసేపూ చెయ్యి మంచిదే. గాల్లోంచి వెళ్ళి ఒకదాన్ని అందుకోబోతేనే దారి తప్పుతుంది. డాక్టరు అదే చెప్పాడట, బండికి భయం లేదన్నాడట. తరవాత అక్క చెప్పింది ఆ సంగతి, నేనడిగాక, గుమ్మం దగ్గర, లోపలికి వినపడకుండా.

ప్రెస్సు మూతపడ్డప్పుడు బావ గోడవైపు తిరిగి పడుకున్న రోజులు నాకు గుర్తే. ఒక్క జోకు వెయ్యలేదు. నన్ను డొల్లా అని పిలవను కూడా పిలవలేదు, అప్పుడు ఆ ఇంట్లో ఎంత భయమేసిందో. రైడరుగా చేరి బండెక్కాకే మళ్ళీ నోరు లేచింది. బండి దిగితే ఆ మనిషి మళ్ళీ గోడవైపు తిరుగుతాడు.

మర్నాటి నుంచి నేను ఆ చేతి కోసం ఎదురుచూశాను. వచ్చేది. గూటి మూతి దగ్గరికి వచ్చి తడబడేది. కింద నుంచి పట్టుకునేవాణ్ణి. ఆగేవాణ్ణి. వదిలేది. తీసుకునేవాణ్ణి. ఒక్క మాట లేకుండా, ఒక్క ఎత్తిపొడుపు లేకుండా, మా బావా నేనూ అంత చక్కగా ఎన్నడూ కూర్చోలేదు. వాన పడ్డ రోజు ఆయన చెయ్యి తడిసి వచ్చింది. ఆ తడి బ్యాటరీ మీద నుంచి నా వేళ్ళకి అంటింది. తుడుచుకోవాలనిపించలేదు.

ఒక చేతికి చేశాక ఇంకో చేతికి చెయ్యకుండా ఉండలేం. అలిసిపోయిన చేతులొచ్చేవి, దెబ్బ తగిలి గుడ్డ కట్టుకున్నవి వచ్చేవి. అన్నిటికీ కాస్త చెయ్యందించాను. ఎర్ర దీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

పరీక్ష అయిపోయిన రోజు ఆ అమ్మాయి దర్జీ మేడ మెట్లు దిగి ఎగురుకుంటూ వచ్చింది. ఒక్కరికీ తప్పలేదు బాబాయ్, గూటి మూతి కొలత సరిగ్గా కుదిరింది, ఇలాగే అచ్చు పోయించేస్తున్నాం అంది. ఇనుప అచ్చు ఒకసారి పోశాక ఇక మార్చడం ఉండదు. ఊళ్ళో ప్రతి మూలా అదే మూతి.

అప్పుడు తెలిసొచ్చింది నాకు. నేను చేసిన సాయమంతా ఆ మూతి బిగువుకి మెచ్చుకోలు అయి కూర్చుంది. రేపు ఇనుప గూడు వస్తుంది. దాని వెనక నేనుండను. మా బావ మూడుసార్లు తడబడతాడు, ఎర్ర దీపం, నంబరు ఆఫీసుకి.

"మూతి కాస్త వెడల్పు చేద్దాం మేడమ్" అన్నాను.

ఎందుకు అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. వెడల్పు చేస్తే పెట్టెకి నాలుగు గూళ్ళు పట్టవు, మూడే పడతాయి. పెట్టె కొలతే మారిస్తే పెట్టె పక్కన పెట్టె కూర్చోదు, మొత్తం పేర్పు చెదిరిపోతుంది. దుమ్మూ వానా లోపలికి పోతాయి. ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. ఎవరికైనా ఇబ్బంది అయిందా, చెప్పండి బాబాయ్, అని నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

నా మాట వినేవాడు లేడని జన్మంతా ఏడ్చినవాణ్ణి. ఇప్పుడు ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్పమంటోంది. మాట నోటిదాకా వచ్చి ఉంది. కానీ అది నా మాట కాదు. దుప్పటి కింది చెయ్యి అది. బావే కప్పుకున్నదాన్ని వీధిలో తీసి చూపించడానికి నేనెవర్ని.

ఆ రాత్రి ఏం ఆలోచించలేదు, నిద్రపోయాను. పొద్దున్నే వెళ్ళి, నడుం పట్టేసిందని అబద్ధం చెప్పాను. ఇంకొక్క పూట నడపండి మేడమ్, లోపల మీరు కూర్చోండి, కిటికీ దగ్గర నేనుంటాను అన్నాను. అచ్చుకి పంపే ముందు తన మిషన్‌లో తను ఒకసారి కూర్చోవడం ఆమెకీ సరదాగానే అనిపించినట్టుంది. సరే అంది.

మేడ మీద దర్జీ నాకో బల్ల చూపించి మళ్ళీ తన కుట్టులో పడిపోయాడు. కుట్టుమిషన్ చప్పుడు మధ్యలో నేను వీపుల్ని చూస్తూ కూర్చున్నాను. పైనుంచి చూస్తే నా బంకు నిజంగానే బాగుంది. వాన కడిగిన రోడ్డు మీద దాని నీడ తలకిందులుగా నిలబడి ఉంది, కిందకి ఇంకో బంకు పేర్చినట్టు.

మా బావ వచ్చాడు. ఆయన వీపుని నేనెప్పుడూ అలా చూడలేదు. నవ్వించే మొహం అవతలివైపు ఉండిపోతే మిగిలింది కాస్త ఒంగిన వీపు, చెమట పట్టిన చొక్కా. బ్యాటరీ పైకి తీసి, అటూ ఇటూ చూశాడు, ఎవరైనా గమనిస్తున్నారా అని. రెండో చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. చన్నీళ్ళలో దిగబోయేవాడు గట్టు మీద ఆగినట్టు గూటి ముందు కాసేపు ఆగాడు. తరవాత ఒంగాడు.

దీపం వెలగలేదు. దర్జీ కత్తెర పట్టుకుని గుడ్డ కోస్తున్నాడు, ఆ కోత ఎంతకీ అవలేదు. నేను కిటికీ చువ్వ పట్టుకున్నాను.

ఆకుపచ్చ వెలిగింది.

నేను కిందకి దిగి కొట్లోకి వెళ్ళేసరికి ఆ అమ్మాయి నా స్టూలు మీద కూర్చుని ఉంది. ఖాళీ బ్యాటరీ ఒళ్ళో ఉంది, పసిపిల్లని పెట్టుకున్నట్టు. గోడలకున్న అద్దాల ముక్కల్లో ఆమె చేతులే కనిపిస్తున్నాయి, ఎక్కడ చూసినా.

"ముట్టుకోకూడదని చెప్పింది నేనే" అంది. "చెయ్యి ఆగలేదు బాబాయ్."

నేను ఆమె ఒళ్ళోంచి బ్యాటరీ అందుకుని వెనక అర మీద పెట్టాను.

"రోజూ ఇంతేనా?"

"ఇంతే" అన్నాను.

నేల మీది వెలుగు ముక్కల వంక చూస్తూ కూర్చుంది. "ఆ చెయ్యి ఎవరిదో తెలుసా మీకు?"

"మొహం కనపడదు కదమ్మా."

ఆమె నా వంక చూసింది. చాలాసేపే చూసింది. మిల్లీమీటరు తేడా కూడా పట్టుకునే మనిషి. "అవును, కనపడదు" అంది.

అచ్చు ఆగిపోయింది. పరీక్ష పద్ధతిలోనే లోపం ఉందని, ఆ లోపం తనదేనని పై సారుకి చెప్పి ఆ అమ్మాయి తిట్లు తింది. నా ఊసు ఎత్తలేదు. చదువుకున్నవాళ్ళు తప్పుల్ని కిందివాళ్ళ మీదకి తోస్తారని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నాకు బాగా అలవాటైన కుర్చీ లాంటిది. దాన్ని లాగేసింది.

తరవాత కొన్నాళ్ళు ఇద్దరం ఆ కొట్లోనే కూర్చున్నాం. మూతి వెడల్పు చెయ్యలేం. మరి గూడే ముందుకొస్తే? ఆమెకే తట్టింది ఆ మాట. రైడరు వచ్చి నిలబడగానే గూట్లోంచి ఒక పళ్ళెం జానెడు బయటికి చాపుకోవాలి. బయట పక్క గూళ్ళ ఇరుకు లేదు కాబట్టి పళ్ళేనికి అంచులు వాలుగా పెట్టుకోవచ్చు, బ్యాటరీ ఎలా దిగినా జారి మధ్యకి వస్తుంది. అది కూర్చున్నాక పళ్ళెం లోపలికి పోతుంది. పెట్టె కొలత పెట్టె కొలతే, గూళ్ళు నాలుగుకి నాలుగు. నేను చెక్కతో పళ్ళెం చేసి, లోపలినుంచి జరపడానికి తాళ్ళు కట్టాను.

మీరెలా తీసుకునేవారో చూపించండి అంది. బ్యాటరీకి అటు పిడి ఆమె పట్టుకుంటే ఇటు కింద నేను పట్టుకునేవాణ్ణి. "ఎంతసేపు ఆగుతారు?" అని అడిగింది. అవతలి చెయ్యి బరువు వదిలేదాకా అన్నాను. వదిలిందని ఎలా తెలుస్తుంది అంది. తెలుస్తుంది అన్నాను. మళ్ళీ పట్టుకోండి అంది. మధ్యాహ్నాలన్నీ అలా ఒక ఖాళీ బ్యాటరీని అటొకరు ఇటొకరు పట్టుకుని, ఇచ్చుకుంటూ పుచ్చుకుంటూ గడిపాం. ఎవరైనా చూస్తే పిచ్చివాళ్ళనుకునేవాళ్ళు. అద్దాల్లో మాలాంటి జంటలు ఇంకెన్నో, అన్నీ నెమ్మదిగా ఏదో ఒకదాన్ని చేతులు మార్చుకుంటున్నాయి. ఆ ఆగడాన్ని ఆమె అంకెల్లోకి మార్చి ఇనుముకి నేర్పింది.

అసలు బంకు వచ్చాక నా చెక్క పెట్టెల్ని వాచ్‌మన్ అడిగాడు. మొదటిసారి ఇవ్వనన్నాను. వర్క్‌షాపులో గోడకి పెట్టుకున్నాను. గూళ్ళలో ఉలులూ చిత్రికలూ పెట్టుకుంటున్నాను. చేతులు పెట్టేటప్పుడు మాత్రం ఒక్కోసారి ఆగుతాను.

ఒక ఆదివారం బావ నన్ను బండెక్కించుకుని కొత్త బంకు చూపించడానికి తీసుకెళ్ళాడు, తన పెళ్ళిలో బహుమతిగా వచ్చిన వస్తువు చూపించినంత గర్వంగా. చిన్న చినుకులు పడుతున్నాయి. ఆయన బండి దిగి నిలబడ్డాడు. గూట్లోంచి పళ్ళెం జానెడు ముందుకొచ్చింది, అరచెయ్యి చాపినట్టు. బ్యాటరీ వణుకుతూ వచ్చి దాని అంచుకి తగిలింది, జారింది, మధ్యకి చేరింది. పళ్ళెం ఆగింది. ఎంత ఆగాలో అంత. తరవాత లోపలికి తీసుకుంది. ఆకుపచ్చ.

నేను బయట, వీధిలో, అందరిలాగా నిలబడి చూశాను. ఎంతమంది వెనక నిలబడి ఉన్నా బావ అటూ ఇటూ చూడలేదు.

బాగుందా అని అడిగాను.

"బాగుంది" అన్నాడు. నిండు బ్యాటరీ సీటు కింద పెట్టి మూత వేశాడు. "పాతది ఇంకా బాగుండేదిరా. ఇది తీసుకుంటుంది. అదైతే అందుకునేది." ఎందుకలా అనిపించిందో తనకే తెలియనట్టు నవ్వేసి, ఎక్కు డొల్లా, తడిసిపోతావ్, లోపలంతా ఖాళీయే కదా నీరు నిలబడుతుంది అన్నాడు.

ఇంటికి వచ్చి తల తుడుచుకుని ఎప్పటిచోటే గోడకి చేరగిలబడ్డాడు. నీళ్ళు పొయ్యరా అని కేకేశాడు. అక్క వంటింట్లో ఉంది. నేను లేచి గ్లాసులో సగం పోశాను. తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన చెయ్యి గాల్లోంచి వస్తూ దారి తప్పబోయింది. నేను గ్లాసు కింద నుంచి పట్టుకుని ఉండిపోయాను. తొందరపడలేదు. ఆ వణుకు గాజులోంచి నా వేళ్ళలోకి వచ్చింది, పాత చుట్టంలా.

బావ ఏదో అనబోతున్నవాడల్లా ఆగిపోయాడు. సగం గ్లాసు వంక చూశాడు. గ్లాసు అడుగున ఉన్న నా వేళ్ళ వంక చూశాడు. ఆ తరవాత నా మొహం వంక. బయట వాన గట్టిపడింది. ఆయన నోట్లోంచి ఎత్తిపొడుపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

"వదులు" అన్నాడు మెల్లగా. "పట్టుకున్నాను."

వదిలాను.